డాక్టర్ యెల్లాప్రగడ సుబ్బారావు: కణానికి పోషణ, కణానికి కళ్లెం

మా అమ్మీకి కొన్నేళ్లుగా కీళ్లవాతం. వేళ్ల కణుపులు వాచి, ఉదయం నిద్ర లేచాక గంటసేపు పిడికిలి ముడుచుకోలేని స్థితి. వైద్యులు ఆమెకు రెండు మాత్రలు వ్రాసియిచ్చారు. ఒకటి పసుపుపచ్చని చిన్న మాత్ర. దానిని వారానికి ఒక్కసారే, శుక్రవారం నాడు వేసుకోవాలి. రెండవది ఫోలిక్ ఆమ్లం. దానిని మిగిలిన రోజులలో వేసుకోవాలి. మొదటి మాత్ర పేరు మెథోట్రెక్సేట్. ఒకటి శరీరంలో చేసే పనిని రెండవది అడ్డుకుంటుందని తెలిసిన నాడు, ఇదేమి చిత్రమైన చికిత్స అని నాకు అనుమానం కలిగింది. తరువాత విచారించగా, ఈ రెండు మందులూ ఒకే ప్రయోగశాల నుండి వెలువడ్డాయనీ, ఆ ప్రయోగశాలను నడిపినవారు మన భీమవరంలో పుట్టిన ఒక తెలుగువారనీ తెలిసింది.

ఆయన పేరు మన విద్యార్థులు వినియే ఉంటారు. పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా, పోటీ పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా విని ఉంటారు. నేను తెలుగు బోధించేవాడిని గాని విజ్ఞానశాస్త్ర విద్యార్థిని కాను. ఈ వ్యాసంలోని శాస్త్ర విషయాలను మా జంతుశాస్త్ర అధ్యాపక మిత్రుల వద్ద కూర్చుని అడిగి తెలుసుకున్నాను. చెప్పడంలో ఎక్కడైనా తడబాటు ఉంటే అది నాదే.

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పేద కుటుంబం. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. పిల్లవానికి చదువుపై శ్రద్ధ లేకపోవడమే కాక, పదమూడేళ్ల ప్రాయంలో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావాలని ఆ పసివాని ఆలోచన. తల్లి వెదకించి వెనుకకు రప్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలులో మూడవసారి ఉత్తీర్ణుడయ్యాడు. తండ్రి గతించిన పిమ్మట తన నగలమ్మి కొడుకును చదివించినది ఆ తల్లియే. పరీక్ష తప్పి ముఖం చాటువేసుకు తిరిగే విద్యార్థులు మన కళాశాలలో ప్రతి జూన్ మాసంలోనూ కనిపిస్తారు. వారి కోసమే ఈ సంగతి కొంచెం విడమరచి వ్రాశాను.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు మిత్రులు సహాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆర్థికంగా ఆదుకుని, తరువాత తన కుమార్తె శేషగిరిని ఆయనకిచ్చి వివాహం జరిపించారు. అవి గాంధీజీ పిలుపుపై విదేశీ వస్త్ర బహిష్కారం సాగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు హాజరయ్యారు. శస్త్రవైద్యం బోధించే బ్రాడ్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయ ఆచార్యునికి అది కంటగింపైంది. తక్కిన సబ్జెక్టులలో బాగా వ్రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రవేశం దొరకలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో కుదురుకున్నారు.

ఆయన జీవితాన్ని మలచినది ఆ ఉద్యోగం కాదు, ఒక వ్యాధి. స్ప్రూ అని పాశ్చాత్య వైద్యులు పిలిచే ఉష్ణమండలపు గ్రహణి వ్యాధికి ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో బలి అయ్యారు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కండ కరిగిపోయి శుష్కించి మరణించే వ్యాధి అది. సుబ్బారావుగారికీ అది సోకింది. లక్ష్మీపతిగారి చికిత్స వలన ఆయన మాత్రం బయటపడ్డారు. తాను బ్రతికినందుకు సంతోషం కంటె, సోదరులు ఎందుకు మరణించారో ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేకపోయిందన్న బాధ ఆయనను ఎక్కువగా వేధించింది. ఉష్ణమండల వ్యాధులను నేర్పే పాఠశాల అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉందని విని అక్కడకు వెళ్లాలని సంకల్పించారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన అండతో 1922 అక్టోబరులో బోస్టన్ నగరం చేరారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్లారు. ఇరవయ్యారు సంవత్సరాల పాటు ఆ దేశంలోనే ఉండిపోయారు. మరల స్వదేశపు నేలపై కాలు మోపలేదు.

ఈ విషయాన్ని గొప్ప త్యాగంగా వర్ణించేవారు ఉన్నారు. నాకు అంత సులభంగా మాట రాదు. త్యాగం చేసినవారు ఇద్దరు. ఒకరి పేరు మాత్రమే గ్రంథాలకెక్కింది.

హార్వర్డ్‌లో ఆయనకు విద్యార్థి వేతనం లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచి పొట్టపోసుకున్నారు. పగలు చదువు. డిప్లొమా పొందిన తరువాత అట్టో ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన విభాగంలో ప్రవేశించి, సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పని చేశారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో నీలి రంగు గాఢతను బట్టి లెక్కించే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటి ప్రయోగశాలలకు చేరింది. మన రసాయనశాస్త్ర విద్యార్థులలో కొందరు ఆ పేరు వినే ఉంటారు.

ఆ పద్ధతి చేతిలో ఉండగా కండరాలలోని భాస్వరాన్ని వెదకడం ఆరంభించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడ ఏటీపీని స్వతంత్రంగా కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అభిప్రాయం అంతవరకు చెలామణిలో ఉండేది. ఆ పరిశోధనలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడ లభించింది. ఈ కొత్త సంగతులతో ఆ అభిప్రాయం తలక్రిందులైంది. 1930లో సుబ్బారావుగారు పిహెచ్.డి. పట్టా పొందారు. స్థిరమైన అధ్యాపక పదవి మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన పదార్థాలు కొన్ని ఫిస్కే కారణంగా వెలుగు చూడలేదనీ, ఏళ్ల తరువాత ఇతరులు వాటిని మరల కనుగొనవలసి వచ్చిందనీ అదే విభాగంలో పనిచేసిన జార్జి హిచింగ్స్ అనంతర కాలంలో చెప్పారు. హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త. ఆయన మాటకు విలువ ఇవ్వక తప్పదు.

1940లో సుబ్బారావుగారు న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారి, కొద్ది కాలానికే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అచ్చట ఆయన చేసినవి చెప్పవలసి వస్తే ఈ సంచికలోని పుటలు చాలవు. బోదకాలు వ్యాధికి డైఇథైల్‌కార్బమజీన్ అనే మందు 1947లో వెలుగులోకి వచ్చినది అక్కడినుండే. తెలుగు జిల్లాలలో ఫైలేరియా నివారణకు ఇంటింటికీ వచ్చి ఆరోగ్య కార్యకర్తలు మ్రింగించిన మాత్ర అదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడ అక్కడిదే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. దానిని మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. 1948లో దానిని లోకానికి ప్రకటించారు.

ఇక ఫోలిక్ ఆమ్లం. దీని కథ మన దేశంలోనే మొదలైంది. బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక రకమైన తీవ్ర రక్తహీనతను లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు పరిశీలించి, ఈస్టుతో తయారయ్యే మార్మైట్ అనే చౌక పదార్థం దానిని నయం చేస్తున్నదని 1931లో తెలియజేశారు. అందులోని గుణకారి ఏదో ఆమెకు తెలియలేదు. 1941లో కొందరు అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థాన్ని రాబట్టి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుండి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లెడర్లీలో స్టాక్‌స్టాడ్ కాలేయం నుండి దానిని శుద్ధ రూపంలో వేరుచేశాడు. 1945లో సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం దానిని కృత్రిమంగా తయారుచేసి, దాని నిర్మాణాన్ని నిర్ధారించింది. అప్పటినుండి అది సీసాలకొద్దీ లభ్యమైంది. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికో ద్వీపాలలోని స్ప్రూ రోగులకు దానిని ఇవ్వగా వారు కోలుకున్నారు. సోదరుల మృత్యువునకు కారణమైన వ్యాధికి దాదాపు పాతికేళ్ల తరువాత మందు దొరికింది.

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఇది ఒక మంచి వైద్యుని చరిత్ర మాత్రమే అయ్యేది. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పసివారికి ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గలేదు సరికదా వేగం పుంజుకున్నట్లు తోచింది. ఈ పదార్థం కణానికి ఆహారమైతే, దానివలెనే కనిపించి కణాన్ని మోసగించే నకిలీ పదార్థం ఉంటే ఏమవుతుంది? అట్టి నకిలీలను సుబ్బారావుగారి బృందం అప్పటికే తయారు చేస్తున్నది. వాటిలో ముఖ్యమైన అమినోప్టెరిన్‌ను సంశ్లేషించినవారిలో డోరిస్ సీగర్ అనే మహిళా రసాయనవేత్త ఒకరు. మన విద్యార్థినులు ఈ పేరు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

కణం రెండుగా చీలడానికి ముందు తన డీఎన్‌ఏకు ప్రతి వ్రాసుకోవాలి. అందుకు కావలసిన ముడిసరుకు సిద్ధం చేయడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ఆ ఆమ్లాన్ని పనికి అనువుగా మార్చే ఎంజైము ఒకటుంది. తాళంలో మారు తాళంచెవి దూరి ఇరుక్కున్నట్లు అమినోప్టెరిన్ ఆ ఎంజైములో తిష్ఠ వేస్తుంది. ప్రతి వ్రాయడం ఆగిపోతుంది. వేగంగా చీలే కణాలు ముందుగా నశిస్తాయి. 1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలను ప్రకటించాడు. పదహారు మంది పిల్లలలో పదిమందికి వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. మందు ఆపినా ఆపకున్నా అది తిరగబెట్టేది, ఆ పిల్లలు మరణించారు. కాని పసివారికి సోకే ఈ రక్త క్యాన్సర్‌ను ఒక రసాయనం కొన్ని నెలలైనా నిలువరించగలదని అంతకు పూర్వం ఎవరూ చూపలేదు. నేడు సంపన్న దేశాలలో ఆ వ్యాధి సోకిన పిల్లలలో నూటికి తొంభైమంది వరకు బ్రతుకుతున్నారు. వారి చికిత్సలో అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు మరణించారు. వయస్సు యాభై మూడు. భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు 1946లో కలిగినా, ఆయన పరదేశీయునిగానే కన్నుమూశారు.

మరణించిన పిమ్మట ఆయన పని మరొక దారిన సాగింది. సాధారణంగా జీవిత చరిత్రలు వ్రాసేవారు ఆ దారిని పట్టించుకోరు. నేను ఈ వ్యాసానికి పూనుకొన్నది ముఖ్యంగా దానిని చెప్పడానికే.

1951లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చేరింది. ఆమె కణితి నుండి తీసిన కణాలను జార్జి గై అనే శాస్త్రజ్ఞుడు గాజుపాత్రలో పెంచాడు. అంతకు ముందు మానవ కణాలు పాత్రలో కొద్ది రోజులకే నశించేవి. ఇవి నశించలేదు, రోజురోజుకూ వృద్ధి చెందాయి. ఆమె అదే ఏడాది అక్టోబరు 4న మరణించింది. ఆమె కణాలు హీలా అనే పేరుతో ఇప్పటికీ ప్రపంచమంతటా పెరుగుతూనే ఉన్నాయి. అంతులేకుండా చీలుతూ పోయే ఇటువంటి కణ పరంపరనే శాస్త్రజ్ఞులు సెల్ లైన్ అంటారు. ఆమెను గాని, ఆమె కుటుంబాన్ని గాని ఎవరూ అనుమతి అడగలేదు. కుటుంబానికి ఈ విషయం 1970వ దశకంలో గాని తెలియలేదు. ఆ కణాలతో లాభం గడించిన ఒక సంస్థతో 2023లో వారికి రాజీ కుదిరింది. ఆలస్యమైన న్యాయం ఎంతవరకు న్యాయమో పాఠకులే ఆలోచింతురు గాక.

పాత్రలోని కణం ఏమి తిని బ్రతుకుతుంది? హారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నను హీలా కణాలతోను, ఎలుక కణాలతోను పరీక్షించి 1955లో సమాధానం వెల్లడించాడు. కొన్ని అమినో ఆమ్లాలు, లవణాలు, చక్కెర, కొన్ని విటమిన్లు. విటమిన్లలో ఒక్కటి లోపించినా కణం క్షీణించి నశించేది. ఆ పట్టికలో ఫోలిక్ ఆమ్లం ఉంది. ఈగిల్ ద్రావణం, దాని సవరణలు నేటికీ ప్రయోగశాలలలో కణాలకు నిత్యాహారం. సుబ్బారావుగారు మానవ కణ పరంపరను కంటితో చూడలేదు. హీలా పుట్టేనాటికి ఆయన గతించి మూడేళ్లు కావచ్చింది. అయినా అది తినే అన్నంలో ఆయన చేతి మెతుకు ఉంది.

ఆయన బృందం చేసిన విషం కూడ కణ పరిశోధనకు పనికివచ్చింది. హనుమకొండ నుండి వరంగల్లుకు పోయే పెద్ద రోడ్డును మూసివేశారనుకుందాం. సందుదారి ఎరిగినవాడు ఎట్లాగో ఇల్లు చేరుకుంటాడు, ఎరుగనివాడు అక్కడే నిలిచిపోతాడు. కణానికీ అంతే. డీఎన్‌ఏ ముడిసరుకు తయారుచేసే పెద్ద దారిని అమినోప్టెరిన్ మూసివేస్తుంది. పాత సరుకును ఏరుకుని వాడుకునే సందుదారి ఇంకొకటి ఉంది. దానికి ప్రత్యేకమైన ఎంజైము కావాలి. ఆ ఎంజైము ఉన్న కణమే బ్రతుకుతుంది. కోట్ల కణాలలో నుండి కోరినవాటినే మిగుల్చుకునే ఈ జల్లెడను 1962లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో షిబాల్‌స్కీ దంపతులు మానవ కణాలపై ప్రయోగించి చూపారు. ఎముక మూలుగ నుండి వచ్చినవని వారు నమ్మిన ఆ కణాలు నిజానికి హీలా సంతతివేనని తరువాత తేలడం ఒక విశేషం. ఆ మొండి కణాలు ఇతర కణాల పాత్రలలోకి చొరబడి వాటిని తుడిచిపెట్టిన ఉదంతాలు అనేకం ఉన్నాయి.

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు యాంటీబాడీలు తయారుచేసే ఎలుక ప్లీహ కణాన్ని, నిరంతరం చీలే క్యాన్సర్ కణంతో కలిపివేశారు. కలిసినవాటిని కలవనివాటి నుండి ఏరడానికి ఈ జల్లెడనే వాడారు. కలవని ప్లీహ కణాలు కొద్ది రోజులలో తామే మరణిస్తాయి. కలవని క్యాన్సర్ కణాలకు సందుదారి ఎంజైము లేదు. కనుక అమినోప్టెరిన్ వాటిని చంపుతుంది. మిగిలేవి జంటకణాలు మాత్రమే. ఒకే రకమైన యాంటీబాడీని ఎంతకాలమైనా ఇచ్చే కణ పరంపర ఆ విధంగా సిద్ధించింది. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మరి కొన్నేళ్లకు హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక జాతి కణాలలో మానవ ప్రోటీన్లను తయారుచేసే పరిశ్రమ నెలకొన్నది. కావలసిన జన్యువును ఫోలిక్ ఆమ్లపు ఎంజైము జన్యువుతో జతచేసి, మెథోట్రెక్సేట్ మోతాదును మెల్లమెల్లగా పెంచుతారు. బ్రతకడానికి ఆ కణాలు ఆ రెండు జన్యువులకూ ప్రతులు పెంచుకుంటాయి. మందు దిగుబడి హెచ్చుతుంది. లింఫోమా అనే క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్ ఇట్లా వచ్చినదే.

వరంగల్లులో ఉన్న మనకు ఇవన్నీ దూరదేశపు ముచ్చట్లుగా తోచవచ్చును. మన చిన్నతనంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. అది గొర్రె మెదడు నుండి చేసిన టీకా. కణాలలో పెంచిన టీకాలు వచ్చిన తరువాత ఆ బాధ తప్పింది. 2021లో మనలో అనేకులు వేయించుకున్న కోవిషీల్డ్ టీకాలోని వైరస్‌ను పెంచినది హెక్ 293 అనే మానవ కణ పరంపరలోనే. ఆ పరంపర 1973లో హాలండ్‌లోని లైడెన్ నగరంలో రూపొందింది. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ కోతి మూత్రపిండ కణాల పరంపరలో పెరిగింది.

అమ్మీ విషయానికి వస్తే, ఒకసారి మా పేటలోని ఒక మందుల దుకాణంలో కొత్త అబ్బాయి ఆ పసుపు మాత్ర పొట్లంపై రోజుకొకటి అని వ్రాసి ఇచ్చాడు. రోజూ వేసుకుంటే ఆ మందు మూలుగను ఎండబెట్టి ప్రాణం మీదకు తెస్తుంది. వారానికి ఒకటైతే మందు, రోజుకొకటైతే విషం. అదృష్టవశాత్తు అమ్మీ రెండవ మాత్ర నోట వేసుకునే ముందు నన్ను అడిగింది. వైద్యునికి ఫోన్ చేసి నిశ్చింత పడ్డాము. ఆమెకు తెలుగు అక్షరాలు రావు, ఉర్దూ చదువుతుంది. అందుచేత ఆ డబ్బీ మూతపై జుమా అని ఉర్దూలో పెద్ద అక్షరాలతో నేనే వ్రాసి అంటించాను.